ఆకుపచ్చ మూతలు

ఆసుపత్రి లాండ్రీలో నా పని
ఉతకబోయే ముందు జేబులు తడమడం.
పెన్నులు, కత్తెరలు, సగం తిన్న చాక్లెట్లు,
ఒకసారి దూదిలో చుట్టిన ఎవరిదో పన్ను.
పంతొమ్మిదేళ్లుగా ఈ ఈరీ ఊళ్లో
ఇదే నా చదువు.

అయినా ఆ శనివారం
నా జేబు తడిమిన చేతిని కనిపెట్టలేకపోయాను.

బయట మంచు. లోపల కాఫీ ఉచితం.
సేల్స్ కుర్రాడు ట్రెంట్
చాలాసేపు బతిమాలించుకుని ధర తగ్గించాడు.
గెలిచాననుకున్నాను.
అప్పుడు వెనక గదిలోకి పిలిచారు.

ఆ గదికి కిటికీ లేదు. లోమాక్స్ ఉన్నాడు.
బల్ల మీద తన పిల్లల ఫోటోని
నా వైపు తిప్పి పెట్టుకున్నాడు.
కారు ధర ఊసే ఎత్తలేదు.
"నెలకి ఎంతైతే ఇబ్బంది ఉండదు, మిసెస్ జరెంబా?"
నొప్పి ఎక్కడ అని డాక్టరు అడిగినట్టు అడిగాడు.
చెప్పాను.
చెప్పకుండా ఉండాల్సింది.
ఆ ఒక్క అంకె కొలతగా తీసుకుని
నాకు ఎనభై నాలుగు నెలల చొక్కా కుట్టాడు.

బారెడు కాగితం.
ఇక్కడ సంతకం, ఇక్కడ, ఇక్కడ పొడి అక్షరాలు.
"ఇవన్నీ లేకపోతే బ్యాంకు లోనివ్వదు" అన్నాడు
పెన్ను మూత తీసి అందిస్తూ.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద
కాగితం జేబులు ఒక్కొక్కటే బయటికి తిప్పాను.
రంగు మీద పూత, ఎనిమిది వందల తొంభై.
అద్దం మీద నంబరు చెక్కినందుకు మూడు వందలు.
కారు ధ్వంసమైతే మిగిలే అప్పుకో బీమా,
ధ్వంసం కాకపోతే రిపేర్లకో ఒప్పందం,
ఆ రెండూ కలిసి మూడున్నర వేలు.
టైర్లలో నైట్రోజన్, రెండు వందల నలభై.

మనవడు ఎమెట్ హోంవర్కు ఆపి
"మనం పీల్చేదాంట్లో ముప్పాతిక పైగా అదే కదా నానమ్మా" అన్నాడు.
ఇన్నాళ్లూ అప్పు లేకుండా పీల్చేశాను మరి.

సోమవారం బ్యాంకుకి ఫోన్ చేశాను.
"మేమెప్పుడూ అడగలేదండీ" అంది అవతలి గొంతు.
ఆ మాట తారీఖుతో సహా రాసుకున్నాను.
లోమాక్స్ మూడు వారాలు సీట్లో లేడు.
భోజనానికి వెళ్లాడు, మీటింగ్‌లో ఉన్నాడు,
పిల్లాడి ఆటకి వెళ్లాడు.
నేను అరవలేదు. అరిచేవాళ్లకి వాళ్ల దగ్గర కాఫీ ఉంది.
రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాను,
దాని నకలు రాష్ట్ర వినియోగదారుల ఆఫీసుకి.
నాలుగో వారం ఆయనే ఫోన్ చేశాడు,
ఎంతో కాలంగా తప్పిపోయిన బంధువులా.

బీమా, ఒప్పందం రద్దయ్యాయి.
డబ్బు నా చేతికి రాలేదు, అప్పులో జమైంది.
నెల వాయిదా మాత్రం సెంటు తగ్గలేదు.
కాకపోతే అటు చివర్నుంచి
పద్నాలుగు నెలలు రాలిపోయాయి.
ఇంకా పుట్టని నెలలు.
ఎమెట్ గడ్డం గీసుకునే నాటికి
మెల్లగా నా వైపు నడిచొస్తాయి.

పూత, నంబరు, నైట్రోజన్
"అయిపోయిన పని, వెనక్కి తీయలేం" అన్నాడు.
"తీయొచ్చు" అన్నాను.
పార్కింగ్‌లోకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని
నాలుగు టైర్ల ఆకుపచ్చ మూతలూ విప్పి తెచ్చి
ఆయన పిల్లల ఫోటో ముందు వరసగా పెట్టాను.
లోమాక్స్‌కి మొదటిసారి మాట రాలేదు.
డబ్బూ రాలేదు, అది వేరే సంగతి.

ట్రెంట్ కోటు లేకుండా మంచులోకి పరిగెత్తుకొచ్చాడు.
"మా అమ్మ కారుకీ ఇదే గాలి కొట్టారండీ,"
ముక్కు తుడుచుకుంటూ అడిగాడు,
"ఆ ఉత్తరం ఎలా రాశారు?"

ఇప్పుడు పొద్దున్నే అద్దం మీద మంచు గీకుతుంటే
మూలన ఆ నంబరు బయటపడుతుంది.
మూడు వందలు పెట్టి కొన్న రాత,
పైనుంచి కిందికి ఓసారి చదువుతాను.

మార్చిలో ఎడమ టైరు మెత్తబడింది.
బంకులో నాణేలు వేసి
సరస్సు మీంచి వచ్చిన ఊరి గాలి పట్టాను,
కాస్త చేపల వాసనతో, కాస్త డీజిల్‌తో.
బండికి తేడా తెలియలేదు.